ఆగమంటే చాలదు, ఎందుకో కూడా చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పెళ్లిదాకా సెక్స్ జోలికి పోకుండా ఆగమని పిల్లలకి స్కూల్లో నేర్పాలంటున్నారు కదా, మంచిదే, నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే, కానీ అదొక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోదండీ. అమెరికాలో 1996 చట్టంతో అచ్చం ఇలాంటి క్లాసులకే ప్రభుత్వం డబ్బులిచ్చింది, 2007లో వచ్చిన స్టడీలో ఆ క్లాసులకి వెళ్లిన పిల్లలకీ వెళ్లనివాళ్లకీ ఆగే విషయంలో తేడా కనపడలేదు. మన దగ్గర 18 నిండని అమ్మాయితో సెక్స్, ఆమె ఇష్టపడినా సరే, పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) కింద నేరమేనని ఇంటర్ కుర్రాళ్లకి ఎవరు చెప్తున్నారు? హెచ్‌ఐవీ గురించి, వద్దంటే ఆగిపోవాలని ఎవరు చెప్తున్నారు? పైగా ఈ జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే, మగపిల్లాణ్ణి కూర్చోబెట్టి చెప్పే ఇల్లు నాకైతే కనపడలేదు. టెన్త్ లోపే ఇద్దరికీ కలిపి చెప్పించండి, టీచర్లు సిగ్గుపడి ఆ పాఠం దాటేయకుండా విద్యాశాఖ ముందు వాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, గుంటూరు