మూడు వందల మాటల లోపు

నల్లగొండ,
ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి సునీతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను. ముప్పై ఆరేళ్లు తపాలా శాఖలో పనిచేసి ఈ వాక్యాన్ని ఎన్ని వేల కార్డుల మీద చూశానో లెక్కలేదు. రాసేవాళ్లకు అది శ్రీకారం లాంటిది, అర్థం చూసుకుని ఎవరూ రాయరు. నేను ఈసారి అర్థం చూసుకునే రాశాను.

నువ్వు ఫోను ఎత్తడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. బీరువా సర్దుతుంటే పాత ఇన్‌లాండ్ కవర్లు నాలుగు బయటపడ్డాయి. వృథా పోతాయని మొదలుపెట్టాను. చోటు చాలదని తెలిసి తెల్లకాగితాల్లోకి దిగాను. అంతకుమించి ఏమీ లేదు. పనిలో మునిగినవాళ్లు ఫోను ఎత్తరు, ఆమాత్రం నాకు తెలుసు. మీ అమ్మకే తెలియదు. పదకొండు రోజులైందని లెక్కపెట్టింది ఆమే. వాట్సాప్‌లో రెండు గీతలు పడుతున్నాయి కదా, నీలిరంగు ఎందుకు రావడం లేదని పూటకోసారి నా ఫోను లాక్కుని చూస్తోంది. గీతలకు రంగు వేయడం నా చేతిలో లేదని చెప్పాను.

సద్దుల బతుకమ్మ నువ్వు లేకుండానే గడిచింది. తంగేడు పువ్వు ఈసారి బజారులో కొనవలసి వచ్చింది, గునుగు మాత్రం పెదనాన్న పొలం గట్టు నుంచి పంపాడు. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ చిన్న బతుకమ్మనే పేర్చింది. నీ వాటా మలీద ముద్దలు డబ్బాలో పెట్టి నాలుగు రోజులు చూసి, ఐదో రోజు యాదమ్మ పిల్లలకు ఇచ్చేసింది. ఇచ్చిన తర్వాత నా మీద కోప్పడింది. ఎందుకో నాకు తెలియదు.

గురువారం చౌటుప్పల్ చిన్నమ్మ వచ్చింది. మామూలుగానే చెప్పులు విడవకముందే కబురు విప్పింది. తన తోడికోడలి కొడుకు మీ క్యాంపస్‌లోనే ఉంటాడు కదా, నువ్వు గైడుతో మాట పట్టింపు పెట్టుకుని పరిశోధన మానేస్తున్నావని వాడు చెప్పాడట. నీ గది ముందు అట్టపెట్టెలు చూశాడట. అట్టపెట్టెలు ఉంటే పరిశోధన మానేసినట్టేనా? మన అటక మీద పదిహేడు ఉన్నాయి, మేమేం మానేశాం? చిన్నమ్మ మాట ఎంత నిలుస్తుందో కృష్ణారెడ్డి పెళ్లినాడే చూశాం. నేను నమ్మలేదు. మీ అమ్మ కూడా నమ్మలేదు, కానీ ఆ రోజు చారులో ఉప్పు వేయడం మరిచింది.

ఫ్లోరైడు పిల్లల తల్లుల ఒత్తిడి మీద నువ్వు చేసే పరిశోధనకు ఈ ఇల్లు చేసిన సేవ మరిచిపోయావేమో అని గుర్తుచేస్తున్నాను. నిరుడు ఎండాకాలంలో ఉమ్మి పరీక్ష పద్ధతి సరిచూసుకోవాలని మా ఇద్దరి నోళ్లలో దూది పెట్టావు. నిద్ర లేవగానే ఒకసారి, అరగంటకు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. పళ్లు తోమకూడదు, టీ తాగకూడదు. లేచిన అరగంటకో ముప్పావు గంటకో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బాగా పెరిగి, పొద్దు వాలేకొద్దీ దిగిపోయి, అర్ధరాత్రికి అడుగంటుతుందని చెప్పావు. పాచిముఖంతో అరగంట కూర్చోబెడితే ఏ మనిషికైనా పెరుగుతుందని మీ అమ్మ అంది. ఆ సీసాలు ఫ్రిజ్‌లో పెరుగు పక్కన పెట్టినందుకు నువ్వు వెళ్లాక ఆమె పసుపు నీళ్లతో ఫ్రిజ్ కడిగింది. ఈ సంగతి నీకు చెప్పవద్దంది.

ఆ వారంలోనే అమెరికా డాక్టర్లు హోమ్స్, రాహే 1967లో వేసిన ఒత్తిడి మార్కుల పట్టీ చదివి వినిపించావు. జీవితంలో వచ్చే నలభై మూడు మార్పులు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని. భార్యో భర్తో పోతే 100, పెళ్లికి 50, ఉద్యోగ విరమణకు 45. కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్తే 29. అత్తింటివారితో గొడవకూ అంతే. ఆ రెంటికీ సమానంగా మార్కులు వేసినవాడికి కూతురు లేదని మీ అమ్మ తేల్చేసింది. మొన్న రాత్రి అన్నం తింటూ అడిగింది, బిడ్డ ఫోను ఎత్తకపోతే ఆ పట్టీలో ఎన్ని మార్కులని. లేదన్నాను. 1967లో అవతలివాళ్లు ఎత్తకపోతే ఇంట్లో లేరనుకునేవాళ్లు.

ఉత్తరం దారి తప్పుతోంది. నీ పని సంగతి రాద్దామని కూర్చున్నాను.

మర్రిగూడ వైపు ఊళ్లకు నిన్ను స్కూటరు మీద తిప్పిన రోజులు గుర్తున్నాయా? ఆ ఇళ్లన్నీ నాకు ఉత్తరాలు పంచిన నాటి నుంచి తెలుసు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన పిల్లలు అప్పుడు ఒళ్లో ఉండేవాళ్లు, ఇప్పుడు ముప్పై దాటినా మంచం మీదే ఉన్నారు. తల్లులే ముసలివాళ్లయ్యారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తీసే ఉపాయం నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి అని మన ఊరి పేరు పెట్టారు. శాస్త్ర పుస్తకాల్లోకి మన ఊరు ఎక్కింది ఆ జబ్బు వల్లే. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, సంతోషమే. వంగిన ఎముక మాత్రం మళ్లీ నిటారు కాదు.

నువ్వు ఒత్తిడిని కొలిచే పది ప్రశ్నల కాగితం తీసి, గడిచిన నెల రోజుల్లో అనుకోకుండా ఏదైనా జరిగి ఎన్నిసార్లు కలత పడ్డావమ్మా అని అడిగితే, ఒక తల్లి ఏమందో నీ నోట్‌బుక్‌లో రాసుకున్నావో లేదో. “గడిచిన నెల అంటున్నావు. ఇరవై ఆరేళ్లలో ఏ నెల బిడ్డా?” అంది. నేను గడప దగ్గర నిలబడి గొడుగు మడుస్తున్నాను. మడుస్తూనే ఉండిపోయాను.

ఇప్పుడు ఒక పాత సంగతి చెబుతాను. నువ్వు విన్నదే అనుకుంటావు, కాదు. ఇది మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊళ్లో వేశారు. తపాలాతోపాటు తంతి, అదే టెలిగ్రాం, కూడా నేనే చూసేవాణ్ణి. దసరాకు పది రోజులుందనగా ఒక ముసలమ్మ కొంగు ముడిలో చిల్లర పెట్టుకుని వచ్చింది. కొడుకు బొంబాయి దగ్గర భీవండిలో మగ్గం మీద ఉన్నాడు. మన జిల్లా నేతవాళ్లు అప్పట్లో ఎంతమంది అటు పోయారో నీకు తెలియదు. ఆమె చెబుతూ పోయింది. నేను బాగానే ఉన్నానని రాయి సారూ. కంటి ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. బర్రె ఈనింది, దూడ నిలిచింది. వీలైతే పండగకు రా, లేకపోతే ఆగు, అప్పు చేసి మాత్రం రావద్దు. ఇదంతా తంతిలో! కార్డు రాయమ్మా అన్నాను. కార్డు పండగ దాటాక చేరుతుందని ఆమె భయం.

మాటకు ఇంత అని రుసుము. చిరునామాలోని మాటలకు కూడా కట్టవలసిందే. భీవండి చిరునామా అంటే మగ్గాల షెడ్డు, గల్లీ, యజమాని పేరు, వాళ్ల ద్వారా ఫలానా. ఆమె చిల్లరలో చాలా భాగం అక్కడే ఖర్చయింది. ఇక నా నేర్పు చూపించాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, తక్కువ మాటల్లో విషయం చెప్పడంలో నన్ను మించినవాడు లేడని గర్వం. బర్రెను కొట్టేశాను, దూడను కొట్టేశాను. కంటి సంగతి తీసేశాను. బాగుండబట్టే కదా తంతి ఇస్తోంది, బాగున్నానని వేరే చెప్పడం దేనికని అదీ తీసేశాను. దసరా ముందు రమ్మంటే పండగకే కదా అని పండగనూ తీసేశాను. చివరికి ఇంగ్లీషులో రెండే మాటలు మిగిలాయి. రా, అమ్మ. టకటకా కొట్టి పంపించి, మిగిలిన చిల్లర ఆమె చేతిలో పెట్టాను. చల్లగా ఉండమని దీవించి వెళ్లింది.

ఆ రోజుల్లో అలాంటి తంతికి ఒకటే అర్థం. కొడుకు మగ్గం యజమాని దగ్గర అప్పు తీసుకుని, చేతి గడియారం అమ్మి, నాలుగో రోజుకు వచ్చాడు. బస్సు దిగిన చోటు నుంచి తల బాదుకుంటూ ఊళ్లోకి నడిచాడట. ఇంటికి వెళ్లేసరికి తల్లి మోకాళ్ల మధ్య చెంబు పెట్టుకుని బర్రె పాలు పిండుతోంది. మర్నాడు పొద్దున నా కిటికీ దగ్గరకు వచ్చాడు. కొడతాడనుకున్నాను. గిన్నెడు పెరుగు బల్ల మీద పెట్టి, అమ్మ పంపింది అన్నాడు. వెళ్లబోతూ ఆగి అడిగాడు. “ఎన్ని పైసలు మిగిలాయి సారూ?”

వెక్కిరింత కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. నేను చెప్పలేకపోయాను. 2013 జులైలో తంతి సేవ ఆపేసినప్పుడు మా పాతవాళ్లంతా ఒకచోట చేరి బాధపడ్డారు. నేనూ వెళ్లాను కానీ, నాకు బరువు దిగినట్టే అనిపించింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పదకొండు రోజుల కిందట నువ్వు సదస్సుకు పంపవలసిన అబ్‌స్ట్రాక్ట్, అదే నీ పరిశోధన సారాంశం, నాకు పంపి, నాలుగు వందల మాటలైంది, మూడు వందలకు కుదించాలి, చూడు నాన్నా అన్నావు. నేను కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టి, ఉమ్మి పరీక్ష సంగతి మొత్తం తీసేయి, ఎలాగూ తేడా ఏమీ కనిపించలేదు కదా, వంద మాటలు కలిసివస్తాయి అని గొంతు రికార్డు చేసి పంపాను. నువ్వు విన్నావని తెలుసు. దానికి నీలిరంగు వచ్చింది. ఆ తర్వాత ఇంక రాలేదు.

మీ గైడు కూడా అదే మాట అన్నారని చిన్నమ్మ కబురు విన్నాక ఊహించాను. ఊహే. కానీ ఇద్దరం ఒకే మాట అని ఉంటే, నువ్వు నన్ను అడిగింది కుదించడం గురించి కాదేమో అని మూడు రాత్రులుగా అనుకుంటున్నాను.

ప్రశ్నలకు వచ్చిన మార్కులు చూస్తే ఆ తల్లులది మోయలేని బరువు. ఉమ్మిలో కార్టిసాల్ చూస్తే పక్కింటి తల్లులకూ వీళ్లకూ తేడా లేదు. లేదనేదే నువ్వు కనుగొన్న విషయం. ఏళ్ల తరబడి మోసేవాళ్లలో అది పెరగకపోవచ్చు, కొందరిలో తగ్గవచ్చు కూడా అని నువ్వే కదా చెప్పావు. డాబా మీద మంచం వేసుకుని ఆ శాస్త్రవేత్త హాన్స్ సెల్యే కథ చెప్పింది కూడా నువ్వే. ఎలుకలకు అండాశయాల రసం ఎక్కిస్తే అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయి, కడుపులో పుళ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని ఆయన పొంగిపోయాడు. తీరా ఫార్మలిన్ అనే ఘాటు రసాయనం ఎక్కించినా అవే మార్పులు. హార్మోను లేదు, ఏమీ లేదు. ఆ లేకపోవడాన్నే పట్టుకుని, ఏ హాని తగిలినా ఒళ్లు ఒకేలా స్పందిస్తుందని 1936లో నేచర్ పత్రికకు చిన్న లేఖ రాశాడు, మీ ఒత్తిడి శాస్త్రం అక్కడ మొదలైంది. ఆయనకు నాలాంటి తంతి గుమాస్తా తండ్రి ఉండి ఉంటే ఫార్మలిన్ ముక్క కొట్టేయించేవాడు.

కాబట్టి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కుదించాలంటే ఉపోద్ఘాతం కుదించు. ఒత్తిడి ఆరోగ్యానికి చేటు అని ఆ సదస్సుకు వచ్చేవాళ్లకు నాలుగు వాక్యాల్లో చెప్పనక్కర లేదు. ఎంతమంది తల్లులను కలిశావో ఆ అంకె తీసేయకు. ఫలితాలు సదస్సులో వివరిస్తామని రాస్తే తిప్పి పంపుతారని నువ్వే అన్నావు, ఆ వాక్యం నీ చిత్తుప్రతిలో చివర ఇంకా ఉంది, చూసుకో. ఎథిక్స్ కమిటీ అనుమతి సంగతి ఉండనివ్వు. సమీక్షకులకు పేరు తెలియకూడదన్నప్పుడు లోపల మీ యూనివర్సిటీ పేరు ఎందుకు? శుక్రవారం అర్ధరాత్రి గడువు అంటే మన అర్ధరాత్రా, వాళ్ల దేశపు అర్ధరాత్రా కనుక్కో. డాకు సంచీ కట్టేశాక పరుగెత్తుకొచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. వేదిక మీద ప్రసంగం ఇవ్వకుండా పోస్టరు ఇస్తే చిన్నతనం అనుకోవద్దు. మాట కలిపేవాళ్లు పోస్టరు దగ్గరే ఆగుతారు.

అసలు పంపకూడదనుకుంటే పంపకు. పరిశోధన మానేసినా... ఈ వాక్యం మీ అమ్మ చదవలేదు. మానేసినా ఇక్కడ మంచం ఉంది. కానీ మానేస్తే నా నుంచి వినాలి, చిన్నమ్మ నుంచి కాదు. కాదు, నీ నుంచి నేను వినాలి. చూశావా, ముసలితనంలో వాక్యం కూడా తిరగబడుతోంది.

రాత్రి పదకొండు తర్వాత టీ తాగకు. ఆ క్యాంటీను నూనె నీకు పడదు. తలకు నూనె రాస్తున్నావా? నిరుడు ఊడినంత జుట్టు ఈసారి ఊడితే మీ అమ్మ ఊరుకోదు. నీళ్లు కాచి తాగు. కళ్లు మంటలంటే కంప్యూటర్ కట్టేసి పడుకో, లేచాక చూడవచ్చు.

ఈ ఉత్తరం రేపు పొద్దున డాకులో వేస్తే మంగళవారమో బుధవారమో నీకు అందాలి. నేను గురువారం మొదటి బస్సుకు హైదరాబాదు వస్తున్నాను. వేరే పని ఉంది, పింఛను కాగితాల సంగతి. ఎలాగూ వస్తాను కనుక మీ హాస్టల్ గేటు దగ్గర కాసేపు నిలబడతాను. లోపలికి రాను. రావద్దనుకుంటే ఫోను చేసి రావద్దని చెప్పు. రావద్దని చెప్పడానికైనా సరే.

ఆశీస్సులతో,
మీ నాన్న

తాజా కలం: కరివేపాకు పొడి, సర్వపిండి, పెదనాన్న తోట బత్తాయిలు తెస్తున్నాను. సర్వపిండి ఆ రోజే తినేయాలట. కిందటిసారి పచ్చడి పంపిన స్టీలు డబ్బా మూత నీ దగ్గరే ఉండిపోయింది, అది తప్పకుండా తెమ్మని మీ అమ్మ రెండుసార్లు చెప్పింది. అట్టపెట్టెల్లో ఎక్కడైనా ఉందేమో వెతుకు.