ర్యాంకు 750 వాట్లకు, స్టిక్కర్ 550 పెట్టె మీద: మీ ఎస్‌ఎంపీఎస్‌పై ఫిర్యాదు

తిరుపతి,
జూన్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ 550 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) పెట్టె మీద అంటించిన "ఏ టియర్" (మొదటి తరగతి) స్టిక్కర్, సర్వీస్ సెంటర్ "లోపం లేదు" అని తిప్పి పంపిన యూనిట్ గురించి.

అయ్యా,

నేను తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర కంప్యూటర్ అసెంబ్లింగ్, రిపేరు షాపు నడుపుతున్నాను. తిరుచానూరు రోడ్డులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక కస్టమర్‌కు మీ 550 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ వేసి మెషీన్ కట్టిచ్చాను. కొన్నది ఇక్కడి డీలర్ దగ్గరే, బిల్లుతోనే. కరెంటు పోయి యూపీఎస్ అందుకునే క్షణంలో ఆ మెషీన్ ఆగిపోతోంది. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఆగదు. వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతూ గ్రాఫిక్స్ కార్డు మీద లోడ్ పడ్డప్పుడే ఆగుతుంది. వైశాఖ మాసం ముహూర్తాలంటే మే నెల ఎండలు, రాత్రిళ్లు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. తెల్లారేసరికి ఇవ్వాల్సిన వీడియో ముప్పాతిక దాకా వచ్చి పోతే మళ్లీ మొదటి నుంచే. పెళ్లివారు ఆయన్ను నిలదీస్తారు, ఆయన నన్ను నిలదీస్తాడు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

అదే యూపీఎస్, అదే బోర్డు, అదే కార్డు ఉంచి, ఇదే సిరీస్‌లోని మీ 750 వాట్ల యూనిట్ పెట్టి చూశాను. మెయిన్ స్విచ్ ఎన్నిసార్లు ఆపినా మెషీన్ చెక్కుచెదరలేదు. మళ్లీ 550 పెట్టాను, మళ్లీ ఆగింది. కాబట్టి యూపీఎస్ బాగోలేదు, ఇంటి వైరింగ్ బాగోలేదు అనే మాటలు ఇంక వద్దు.

మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో జరిగిన పరీక్ష ఎలాంటిదో మీకు తెలియాలి. అక్కడి కుర్రాడు 24 పిన్నుల కనెక్టర్‌ను అరచేతిలో పట్టేంత టెస్టర్‌కు గుచ్చాడు. డిస్‌ప్లేలో 12.1, 5.0, 3.3 అని వచ్చాయి, పచ్చ లైటు వెలిగింది. కాగితం మీద "ఓకే" అని రాసి సీలు వేశాడు. అంతే. లోడ్ లేదు, వేడి లేదు, కరెంటు తీసి చూసింది లేదు. ఆ టెస్టర్ నా షాపులోనూ ఉంది. ఎస్‌ఎంపీఎస్ బతికుందా చచ్చిందా అన్నంత వరకే అది చెబుతుంది. లోడ్‌లో ఆగిపోయే యూనిట్‌ను లోడ్ లేకుండా పరీక్షిస్తే ఎప్పుడూ ఓకేనే వస్తుంది కదా! లోడ్ పెట్టి చూడండి అన్నందుకు ఆ కుర్రాడు పెట్టెను నా వైపు తిప్పి స్టిక్కర్ చూపించాడు. "సార్, ఇది ఏ టియర్ మోడల్. ఇందులో ఇలాంటి ప్రాబ్లం రాదు" అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. ఆ మాట అతనికి నేర్పింది మీ స్టిక్కరే.

ఆ స్టిక్కర్ సంగతికి వస్తాను. పవర్ సప్లైలను నాణ్యతను బట్టి ఏ, బీ లాంటి టియర్లుగా, అంటే తరగతులుగా విడదీసే లిస్టులను నేను రోజూ చూస్తాను, వాటి మీద నాకు గౌరవం ఉంది. ఒకప్పుడు మా దగ్గర ఎస్‌ఎంపీఎస్‌ను చేత్తో బరువు చూసి కొనేవాళ్లు. పెట్టె మీద 450 వాట్లని పెద్ద అక్షరాలు, లేబుల్‌లో 12 వోల్టుల గడిలో చూస్తే 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ 12 వోల్టుల లైను మీదే కాబట్టి, మిగతా వాట్లన్నీ కాగితం మీదవే. ఇలాంటి సరుకును పక్కకు నెట్టింది ఆ లిస్టులే. ఓవర్ కరెంట్, ఓవర్ టెంపరేచర్ లాంటి ప్రొటెక్షన్లు నిజంగా పనిచేస్తున్నాయా, 12 వోల్టుల లైనులో రిపుల్ (వోల్టేజీలో వచ్చే సన్నటి హెచ్చుతగ్గులు) 120 మిల్లీవోల్టుల హద్దు దాటుతోందా, గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా గుంజితే వోల్టేజీ ఎంత పడుతోంది, ఇవన్నీ షాపువాడు కొలవలేడు. లక్షలు పోసి లోడ్ టెస్టర్లు పెట్టుకున్నవాళ్లు కొలిచి చెబితే, ఆ ఫలితాలను లిస్టు రాసేవాళ్లు ఒకచోట చేర్చారు. మంచి పనే.

అయితే ఆ లిస్టు ర్యాంకు ఇచ్చేది కంపెనీ పేరుకు కాదు, సిరీస్ పేరుకు కూడా కాదు. లోపలి సర్క్యూట్‌కు, అంటే ఏ ఫ్యాక్టరీ చేసిన ఏ డిజైన్ అన్నదానికి. ఒకే సిరీస్‌లో 750 ఒక ఫ్యాక్టరీలో, 550 ఇంకో ఫ్యాక్టరీలో తయారు కావడం ఈ వ్యాపారంలో మామూలే. అది తప్పని నేను అనడం లేదు. మీరు స్టిక్కర్ మీద చెప్పుకున్న లిస్టును మళ్లీ తీసి చూశాను. మీ సిరీస్ పేరు పక్కన "750 వాట్లు, ఆపైన" అని స్పష్టంగా ఉంది. 550 ఊసే లేదు. అన్నకు ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందని తమ్ముడికి సీటు ఇవ్వరు కదా!

రెండూ వేర్వేరు చేతుల్లో తయారైనవని మీ లేబుళ్లే చెబుతున్నాయి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఉండే ఆర్ నంబర్ తయారుచేసిన ఫ్యాక్టరీకి ఇచ్చేది. మీ 750 మీద ఒక నంబర్, 550 మీద మరొకటి. యూఎల్ (అమెరికా భద్రతా పరీక్షల సంస్థ) గుర్తు పక్కన ఇంగ్లిష్ 'E' అక్షరంతో మొదలయ్యే ఫైల్ నంబర్లు కూడా వేరే. సీలు తీస్తే వారంటీ పోతుంది కాబట్టి తీయలేదు. ఫ్యాన్ జాలీలోంచి ఫోన్ టార్చి వేసి చూశాను. ప్రైమరీ వైపు, అంటే ఇంటి కరెంటు లోపలికి వచ్చే వైపు, నిలబడి ఉన్న పెద్ద కెపాసిటర్ మీద అక్షరాలు తేటగానే కనిపించాయి. 550లో 270 మైక్రోఫారడ్లు (నిల్వ సామర్థ్యం), 85 డిగ్రీలు (తట్టుకునే వేడి). 750లో 560 మైక్రోఫారడ్లు, 105 డిగ్రీలు.

పెద్ద వాట్లకు పెద్ద కెపాసిటర్ ఉండడం సహజమే కదా అని మీ ఇంజనీర్లు అనొచ్చు. సరే, వాటా వేసి చూద్దాం. 750కి 560 అయితే 550కి 410 దగ్గర పడాలి. మీరు పెట్టింది 270. కరెంటు పోయాక ఆ కెపాసిటర్‌లో నిల్వ ఉన్న శక్తితోనే మెషీన్ కొన్ని మిల్లీసెకన్లు నిలబడాలి. నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలో ఫుల్ లోడ్ మీద 750 సుమారు 18 మిల్లీసెకన్లు ఆగుతుంది, 550 సుమారు 12. మీ పెట్టె మీద రాసుకున్న ఏటీఎక్స్ 2.x (పీసీ పవర్ సప్లైల) ప్రమాణం ప్రకారం ఫుల్ లోడ్‌లో 16, 17 మిల్లీసెకన్లు ఆగాలి. మామూలు ఆఫ్‌లైన్ యూపీఎస్ బ్యాటరీ మీదకు మారడానికి 10 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. మారాక అది ఇచ్చేది ఇంటి కరెంటులాంటి నున్నటి సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే వేవ్. మీ యూనిట్‌లోని యాక్టివ్ పీఎఫ్‌సీ (లోపలికి గుంజే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) దానికి సర్దుకోవాలి. సరిగ్గా అప్పుడే కార్డు గుంజితే ఇంకేం మిగులుతుంది? పైగా ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. మా ఊళ్లో మే నెలలో బయట 42 డిగ్రీలు ఉంటే, రేకుల కప్పు కింద ఉన్న గదిలో, క్యాబినెట్ లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. అక్కడ 85 డిగ్రీల కెపాసిటర్ పెట్టి, 105 డిగ్రీల దాని ర్యాంకు అంటించారు. దీన్నే మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు.

"దీనికి 80 ప్లస్ గోల్డ్ కూడా ఉంది" అని సర్వీస్ సెంటర్ రాసిచ్చిన కాగితంలో ఇంకో వాక్యం ఉంది. ఉంది, కాదనను. ఆ గోల్డ్ చెప్పేది ఎఫిషియెన్సీ ఒక్కటే, అంటే తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా బయటికిస్తుందన్నది. 115 వోల్టుల పరీక్షలో సగం లోడ్ దగ్గర 90 శాతం, 20 శాతం లోడ్‌లోనూ ఫుల్ లోడ్‌లోనూ 87 శాతం రావాలి. పరీక్ష చేసేది 23 డిగ్రీల గదిలో. కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది, ఓవర్ లోడ్ అయితే ఎక్కడ ఆపుతుంది అన్నవి అందులో లేవు. 2021లో గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం యూనిట్లు కొన్ని టెస్టుల్లో పేలిపోయాయి. వాటికీ 80 ప్లస్ గోల్డ్ ఉంది. ఆ కంపెనీ ఓవర్ పవర్ ప్రొటెక్షన్ హద్దును 120–150 శాతం నుంచి 110–120 శాతానికి దించి, కొన్ని సీరియల్ నంబర్లవాటిని మార్చిస్తామని ప్రకటించింది. గోల్డ్ ముద్రకు, లోపలి రక్షణకు ఎంత దూరమో అప్పుడే తేలిపోయింది.

ఆ మాటకొస్తే నిజంగా పై ర్యాంకులో ఉన్నదానికైనా లోపం రాదని ఎవరూ పూచీ పడలేరు. లిస్టు కోసం కొలిచేవాళ్ల చేతికి వచ్చేది ఒక యూనిట్, చాలాసార్లు కంపెనీయే ఏరి పంపింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఏ బ్యాచ్‌లో ఏం జరిగిందో వాళ్లకెలా తెలుస్తుంది? కోర్సెయిర్ ఎస్ఎఫ్ సిరీస్ లిస్టుల్లో పైవరుసలో ఉండేది. 2020లో కొన్ని లాట్‌లకు వేడి, తేమ రెండూ ఎక్కువైన చోట ఇబ్బంది వస్తోందని ఆ కంపెనీయే బయటపెట్టి, ఉచితంగా మార్చి ఇచ్చింది. మా ర్యాంకు చూడండి, మాలో లోపం రాదు అనలేదు. మీరు మాత్రం లిస్టును వారంటీకి అడ్డం పెట్టారు.

ఇంకో మాట, ఇది ఫిర్యాదు కాదు, దారిలో చెబుతున్నది. మీ స్టిక్కర్ల పుణ్యమా అని కస్టమర్లు అక్కర్లేని చోట కూడా ఏ టియర్ అడుగుతున్నారు. కిరాణా కొట్టు బిల్లింగ్ మెషీన్ 100 వాట్లు కూడా తాగదు. దానికి నమ్మకమైన ఫ్యాక్టరీ చేసిన మామూలు 80 ప్లస్ బ్రాంజ్ (గోల్డ్ కంటే కింది మెట్టు) చాలు. యూనివర్సిటీ పిల్లలు గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌కు ఏ టియర్ కావాలని పట్టుబట్టి, ఆ డబ్బు కోసం ఎస్‌ఎస్‌డీ తగ్గించుకుంటారు. ఏ పనికి ఎంత కావాలో లిస్టు చెప్పదు, అది షాపువాడు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. పెట్టె మీద మెరిసే స్టిక్కర్ ఉంటే మా మాట ఎవరు వింటారు?

ఇక నేను అడిగేవి. ఈ యూనిట్‌కు బదులు ఇదే సిరీస్ 750 ఇవ్వండి, లేదా బిల్లు మొత్తం వెనక్కివ్వండి. అదే 550 ఇంకోటి ఇస్తే పుచ్చుకోను, దాని లోపలా అదే కెపాసిటర్ ఉంటుంది. మళ్లీ పరీక్షిస్తామంటే సంతోషం, కానీ 230 వోల్టుల మీద, కనీసం 40 డిగ్రీల వేడిలో, ఫుల్ లోడ్ పెట్టి, కరెంటు తీసి ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందో అంకె రాసివ్వండి. "ఓకే" అనే మాట నాకొద్దు. 550 పెట్టెల మీది స్టిక్కర్ తీసేయండి. ర్యాంకు చెప్పుకోవాలనుకుంటే ఏ వాటేజీకి, ఏ రివిజన్‌కు, ఏ సంవత్సరం లిస్టులో వచ్చిందో పక్కనే అచ్చు వేయండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందో కూడా లేబుల్ మీద వేస్తే, మా లాంటి ఎండ ఊళ్లలో ఆ ర్యాంకు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే 1915 నంబర్‌కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాను. ఒక వస్తువుకు వచ్చిన పేరును ఇంకో వస్తువు మీద అంటించి అమ్మడం తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి వస్తుందని నా అభిప్రాయం. ఫిర్యాదుదారు ఉన్న ఊళ్లోనే కేసు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి, మీ హెడ్డాఫీసు ఎంత దూరంలో ఉన్నా నాకు ఇబ్బంది లేదు.

బిల్లు నకలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం, రెండు లేబుళ్ల ఫోటోలు, జాలీలోంచి తీసిన కెపాసిటర్ల ఫోటోలు, మెషీన్ ఆగిపోతున్న వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ ఈ లేఖతో పంపుతున్నాను. యూనిట్ సీలు తీయకుండా నా షాపులోనే ఉంది. మీరు తెప్పించుకుంటానంటే కొరియర్ ఖర్చు మీదే. పోయినసారి పంపడానికి, తెచ్చుకోవడానికి నేనే పెట్టుకున్నాను, ఆ రసీదులు కూడా జత చేశాను.

ఇట్లు,
అసెంబ్లింగ్ షాపు యజమాని,
బాలాజీ కాలనీ, తిరుపతి