ట్యూబ్ ఫీడింగ్ బాటిల్ మీద నా ఫిర్యాదు వినకుండానే మూసేశారు

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

ఇది బాటిల్ డబ్బుల కోసం రాస్తున్న ఉత్తరం కాదు, ఆ డబ్బులు మీరే ఉంచుకోండి. నేను చెప్పేది మీలో ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు, అందుకు రాస్తున్నాను.

మా పెద్దవాడు పుట్టినప్పటి నుంచీ పిల్లల సామానంతా మీ దగ్గరే కొంటున్నాం. ఆ నమ్మకంతోనే మా చెల్లి తన పాపకి పొడుగు ట్యూబ్ ఉన్న బాటిల్ మీ సైట్‌లో తెప్పించింది. కొన్నాళ్లకే ట్యూబ్ లోపల పసుపుపచ్చ చార కట్టింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కంపు. బ్రష్ దూరదు. ఫోన్ చేస్తే గోరువెచ్చని నీళ్లతో కడగమన్నారు. బ్రష్షే దూరడం లేదమ్మా అంటే ఆ అమ్మాయి మళ్లీ అదే ముక్క చదివింది. తర్వాత లైన్లోకి వచ్చినతను పార్సిల్ విప్పేటప్పటి వీడియో అడిగాడు. వాడాక పట్టిన మురికి ఆ వీడియోలో ఎలా కనబడుతుంది? సీనియర్ మాట్లాడతారన్నారు, ఎవరూ మాట్లాడలేదు. "మీ సమస్య పరిష్కారమైంది, రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ మాత్రం వచ్చింది. కాలేదని మెయిల్ పెడితే డిస్కౌంట్ కూపన్ పంపారు, అదీ అలాంటి బాటిల్ మీదే!

నేను నర్సింగ్ పిల్లలకి కమ్యూనిటీ హెల్త్ చెబుతాను. ఈ ట్యూబ్ బాటిల్ ఎంతమంది పసివాళ్ల ప్రాణం తీసిందో పాఠంగా చెప్పేదాన్ని కాబట్టే ఇంత కోపం. 1900 ప్రాంతంలో ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 150 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. మిల్లు ఊళ్లలో ఇంకా ఘోరం. ఎండాకాలం వస్తే విరేచనాలు, కల్తీ పాలు, ఈగలు, వాటికి తోడు లోపల కడగడానికి వీల్లేని ఈ ట్యూబ్. ఫ్రాన్స్ 1910లో చట్టం చేసి వీటి అమ్మకాన్నే ఆపేసింది. అంతకుముందే 1894లో ఆ దేశంలోనే ఫెకాం అనే ఊళ్లో డాక్టర్ లియోన్ డ్యుఫూర్ తల్లులకి శుద్ధి చేసిన పాలు ఇవ్వడం మొదలుపెట్టారు, 1899లో ఇంగ్లండ్‌లోని సెయింట్ హెలెన్స్ మునిసిపాలిటీ పాల కేంద్రం తెరిచింది.

హడర్స్‌ఫీల్డ్ గురించి చెబితేగానీ నా బాధ మీకు అర్థం కాదు. అదీ ఇంగ్లండ్‌లో బట్టల మిల్లుల ఊరే. అక్కడ మేయర్ బెంజమిన్ బ్రాడ్‌బెంట్ ఒక వార్డులో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పుట్టినరోజు దాటితే ఒక పౌండు ఇస్తానని మాటిచ్చారు. 1906లో ఆ ఊరికోసమే చట్టం తెచ్చారు, బిడ్డ పుడితే 48 గంటల్లో మునిసిపాలిటీకి కబురు అందాలి. అందగానే ఆడ డాక్టర్లు ఇంటికెళ్లి తల్లితో మాట్లాడేవాళ్లు, పాలు ఎలా పడుతున్నారో చూసేవాళ్లు. నూరేళ్ల కిందట ఒక మునిసిపాలిటీ ఇంటింటికీ వెళ్లి విన్నది. మీరు చేతిలో ఫోన్ ఉండి కూడా వినలేదు.

మన దేశంలో 1992 చట్టం ప్రకారం ఫీడింగ్ బాటిళ్లకి ప్రకటనలు ఇవ్వకూడదు, కొనమని ఆశ చూపించకూడదు. మీ కూపన్ దాని కిందికే వస్తుంది, స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. ట్యూబ్ బాటిళ్లు సైట్ నుంచి తీసేయండి, కొన్నవాళ్లందరికీ వాడొద్దని మెసేజ్ పెట్టండి. మళ్లీ ఆటోమేటిక్ రిప్లై వస్తే మాత్రం వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915కి ఫోన్ చేసి ఊరుకోను, నేరుగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్