కెమెరా తర్వాత చూద్దాం, ముందు సిమ్ ట్రే చూడండి

సంపాదకులకు నమస్కారం.

సోంపేట, కవిటి, కంచిలి, మందస, ఇచ్ఛాపురం మండలాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కీ సింగపూర్‌కీ వెళ్ళేవాళ్ళలో చాలామంది వీసా రాగానే కొత్త ఫోన్ కొంటారు. కొట్లో అడిగేది కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, ర్యామ్ ఎంత అని. రెండు దేశాల మధ్య బతికే మనిషి ఫోన్‌లో ముందు చూడాల్సింది అది కాదు. ఇక్కడి నంబరు అక్కడ కూడా బతికి ఉండాలి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, పీఎఫ్, గ్యాస్ బుకింగ్, వాట్సాప్ అన్నీ ఆ పది అంకెల మీదే ఉన్నాయి. పైగా ఆధార్‌కు విదేశీ నంబరు ఇస్తే ఓటీపీ రాదు. కాబట్టి ఫోన్ ఎంపిక సిమ్ దగ్గర మొదలవ్వాలి. మీ జిల్లా పేజీలో దీనికి చోటిస్తే వెళ్ళేవాళ్ళకీ, ఇక్కడ ఉండిపోయే ఇంటివాళ్ళకీ పనికొస్తుంది.

సిమ్ ట్రే అన్ని ఫోన్లలో ఒకేలా ఉండదు. కొన్నింట్లో రెండు సిమ్ములకూ మెమరీ కార్డుకూ మూడు వేర్వేరు గళ్ళుంటాయి. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా కనిపించేది హైబ్రిడ్ ట్రే. అందులో రెండో గడిలో రెండో సిమ్ పెట్టాలి, లేదా మెమరీ కార్డు పెట్టాలి, రెండూ పట్టవు. అక్కడికి వెళ్ళాక రెండో సిమ్ తప్పదు గనక మెమరీ కార్డు లేనట్టే లెక్క. అందుకే హైబ్రిడ్ ట్రే ఫోన్ కొనేవాళ్ళు ఫోన్ సొంత మెమరీ 128 జీబీకి తగ్గకుండా చూసుకోవాలి. మూడో రకంలో ఒక సిమ్ కార్డు, ఒక ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్ లోపలే ఎక్కించే సిమ్) ఉంటాయి. నాలుగో రకానికి అసలు ట్రేయే లేదు, అంతా ఈ-సిమ్మే.

నా సలహా ఇది: భారతీయ నంబరు కార్డు రూపంలోనే ఉంచండి, అక్కడి నంబరు ఈ-సిమ్‌లో వేసుకోండి. దీనికి కారణముంది. పని చోట ఫోన్ కిందపడి తెర పగిలిందనుకోండి. కార్డయితే పిన్నుతో తీసి పక్క మంచం తమ్ముడి ఫోన్‌లో పెడితే అరగంటలో ఓటీపీ వస్తుంది. ఈ-సిమ్ అయితే ఆ పగిలిన ఫోన్‌లోనే చిక్కుకుపోతుంది. కొత్త ఫోన్‌కు మార్చాలంటే కంపెనీ మళ్ళీ నిర్ధారణ అడుగుతుంది. ఆ నిర్ధారణ ఎస్సెమ్మెస్ వచ్చేదేమో అదే నంబరుకు! సౌదీలోని దమ్మామ్‌లో కూర్చుని ఆ ముడి విప్పడం చాలా కష్టం. అక్కడి నంబరు అలా పోయినా అక్కడి కంపెనీ కౌంటరు నడిచి వెళ్ళే దూరంలోనే ఉంటుంది.

ఈ కారణంగానే సెలవుకు వచ్చేటప్పుడు ఇంటికి ఐఫోన్ తెచ్చేవాళ్ళు ఒకటి గమనించాలి. 2025లో వచ్చిన ఐఫోన్ 17, 17 ప్రో మోడళ్ళలో సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ దేశాల్లో అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు. మన దేశంలో అమ్మే అవే మోడళ్ళకు ఉంటుంది. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022 నాటి 14వ మోడల్ నుంచే ట్రే లేదు. ఐఫోన్ ఎయిర్‌కు ఏ దేశంలోనూ లేదు. అలాంటి ఫోన్ నాన్నగారి చేతికిస్తే ఆయన పాత సిమ్ అందులో ఎక్కడా పట్టదు. ముందు ఆయన నంబరును ఈ-సిమ్‌గా మార్పించాలి. తర్వాత ఆ ఫోన్ పాడైతే పాత కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుందామన్నా కుదరదు.

ఇక నంబరు బతకడం గురించి. ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అది తీసుకుని 30 రోజులు పొడిగించే నిబంధన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ది ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. ప్లాన్ గడువు దాటితే ఇన్‌కమింగూ ఓటీపీలూ ఆగిపోతాయి, నంబరు పేరుకి బతికున్నా పనికిరాదు. రద్దయిన నంబరు కొంతకాలానికి మరొకరికి వెళ్తుంది. అప్పుడు మీ బ్యాంకు ఎస్సెమ్మెస్ ఆ మనిషికి పోతుంది. ఇలా చేతులు మారిన నంబర్లను యూపీఐ నుంచి తొలగించమని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025లో బ్యాంకులకు చెప్పింది కూడా. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే రీచార్జులు తప్పనిసరిగా ఇవ్వాలని, 365 రోజుల గడువు దాకా ఇవ్వచ్చని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చింది. విదేశంలో ఉన్నవాళ్ళకు సరిపోయేది అదే. నెలనెలా గుర్తుపెట్టుకునే బాధ లేకుండా ఏడాదికోసారి వేయించండి. గడువు తేదీ ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంచమనండి.

ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందే చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సిమ్ ఎవరి పేరున ఉందో చూడండి. అన్న పేరున, మేనమామ పేరున తీసుకున్న సిమ్ములు మన ఊళ్ళల్లో ఎన్నో ఉన్నాయి. మీరు అక్కడుండగా అది పోతే డూప్లికేట్ కోసం ఎవరి పేరున ఉందో వాళ్ళే వేలిముద్ర వేయాలి. మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో కనిపిస్తుంది. పాత 2జీ, 3జీ సిమ్ అయితే 4జీకి మార్పించండి. కానీ సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికి పెట్టిన నిబంధన అది. రేపు విమానం అనగా ఇవాళ సిమ్ మార్పిస్తే ఓటీపీ రాక విమానాశ్రయంలో ఇబ్బంది పడతారు. అంతర్జాతీయ రోమింగ్ కూడా ఇక్కడుండగానే ఆన్ చేయించుకోవాలి. అది లేకపోతే అక్కడ దిగగానే మన సిమ్‌కు సిగ్నలే దొరకదు.

యూపీఐ యాప్ కొత్త ఫోన్‌ను గుర్తించడానికి ఆ ఫోన్‌లోని సిమ్ నుంచి తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. విదేశంలో ఆ ఎస్సెమ్మెస్‌కు రోమింగ్ రేటు పడుతుంది, బ్యాలెన్సు లేకపోతే పోనే పోదు. అందుకే పట్టుకెళ్ళే ఫోన్‌లోనే బ్యాంకు యాప్, యూపీఐ రెండూ ఇక్కడే తెరిచి, ఒక్క రూపాయి పంపి చూసుకోండి. విదేశాల్లో ఉండే భారతీయులకు బ్యాంకులిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ ఇవ్వచ్చని 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాలకు అనుమతించింది. అందులో సింగపూర్, యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ పదిలో లేవు. ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

అక్కడ దిగాక సెట్టింగుల్లో మూడు చోట్ల చూడాలి. డేటాకూ, కాల్స్‌కూ అక్కడి సిమ్ ఎంచుకోండి. భారతీయ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపండి, సిమ్‌ను మాత్రం ఆపకండి. ఆపితే ఓటీపీ రాదు. మూడోది ఎక్కువమంది వదిలేసేది: ఒక సిమ్‌లో నెట్ బలహీనపడితే రెండో సిమ్‌కు దానంతటదే మారే సౌకర్యం. అది ఆన్‌లో ఉండి, డేటా రోమింగ్ కూడా తెరిచి ఉంటే గదిలో సిగ్నల్ తగ్గినప్పుడల్లా మన సిమ్ రోమింగ్ డేటా ఖర్చవుతుంది, బ్యాలెన్సు మొత్తం ఊడ్చుకుపోతుంది. రోమింగ్‌లో ఓటీపీ అందుకోవడానికి సాధారణంగా డబ్బు పడదు గానీ కాల్ ఎత్తితే నిమిషానికింత అని పడుతుంది. భారతీయ నంబరుకు కాల్ వస్తే ఎత్తకండి, వాట్సాప్‌లో తిరిగి పలకండి. రెండు సిమ్ముల ఫోన్‌లో ఒక సిమ్ మీద మాట్లాడుతుంటే రెండోది చాలా ఫోన్లలో అందుబాటులో ఉండదు. ఓటీపీ ఆలస్యమైతే ముందు కాల్ పెట్టేసి చూడండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు తెరవకపోతే చెరిగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో 2023 నుంచి ఒకే యాప్‌లో రెండు నంబర్ల ఖాతాలు పెట్టుకోవచ్చు.

యూఏఈకి వెళ్ళేవాళ్ళకు ఇంకొక మాట. అక్కడి నెట్‌వర్కుల్లో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ కలవవు, సందేశాలు మాత్రం పోతాయి. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి. అదే యాప్ ఇంట్లోవాళ్ళ ఫోన్‌లోనూ ఉండాలి గనక వెళ్ళకముందే అమ్మగారి ఫోన్‌లో వేసి, ఎలా ఎత్తాలో నేర్పి వెళ్ళండి. వీపీఎన్‌తో దొంగదారి చెప్పేవాళ్ళుంటారు. దానికి అక్కడి చట్టంలో భారీ జరిమానా ఉంది, ఆ మాట వినకండి.

నెట్‌వర్కు సంగతి. సింగపూర్‌లో 2జీ 2017 ఏప్రిల్ 1న ఆపేశారు, 2024లో 3జీ కూడా పోయింది. అంటే 4జీ మీద కాల్ మాట్లాడే వోల్టే సౌకర్యం లేని ఫోన్ అక్కడ కాల్స్‌కు పనికిరాదు. ఇక్కడ జియోకూ అదే పరిస్థితి, దానికి 2జీ, 3జీ లేవు. విదేశంలో కొన్న ఫోన్ మన ఊళ్ళో పనిచేస్తుందా అన్నది బ్యాండ్ల మీద, అంటే ఆ ఫోన్ ఏ ఫ్రీక్వెన్సీల సిగ్నల్ అందుకోగలదన్న దాని మీద ఉంటుంది. జియో 4జీకి 3, 5, 40 బ్యాండ్లు, బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 28 బ్యాండ్ ముఖ్యం. 5, 28 తక్కువ ఫ్రీక్వెన్సీవి. గోడలు దాటి లోపలికి వచ్చేవి, కొబ్బరి తోటల మధ్య దూరంగా ఉన్న ఇంటికి చేరేవి అవే. మోడల్ నంబరు పెట్టె మీద ఉంటుంది. ఒకే పేరుతో అమ్మే ఫోన్‌కు దేశాన్ని బట్టి మోడల్ నంబరూ బ్యాండ్లూ మారతాయి కాబట్టి పేరు చూసి కాదు, ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో వెతికి కొనాలి.

హువావే ఫోన్లు గల్ఫ్ దుకాణాల్లో అందంగా కనిపిస్తాయి. 2019 అమెరికా ఆంక్షల తర్వాత వచ్చిన మోడళ్ళలో గూగుల్ సేవలు లేవు. మన బ్యాంకు యాప్‌లకూ, యూపీఐకీ వాటితో పేచీ. చైనా మార్కెట్ కోసం చేసిన ఏ ఫోన్ అయినా ఇదే జాగ్రత్త, బ్యాండ్లు కూడా తక్కువుంటాయి. అక్కడి కంపెనీ కాంట్రాక్టు మీద ఇచ్చే ఫోన్ ఆ నెట్‌వర్కుకే తాళం వేసి ఉండచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ దగ్గర సిమ్ ఆంక్షలు లేవని ఉండాలి. ఆండ్రాయిడ్‌లో వేరే కంపెనీ సిమ్ పెట్టి చూడటమే పరీక్ష. తాళం ఉంటే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది. శాంసంగ్ పెట్టె మీద ముందు స్థానిక సిమ్‌తో మొదలుపెట్టమని స్టిక్కరుంటే, కొన్న దేశపు సిమ్‌తోనే మొత్తం ఐదు నిమిషాలు మాట్లాడాక బయలుదేరండి. చాలా ఆండ్రాయిడ్ కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. అక్కడ కొన్న దానికి ఇక్కడ తెర వేయించుకోవాలంటే సొంత డబ్బే.

ఇక్కడ సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు *#06# నొక్కి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) చూడండి. కేవైఎం అని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలు వేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే దొంగ ఫోనో కాదో తెలుస్తుంది. రెండు సిమ్ముల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలుంటాయి. రెండూ రాసి ఇంట్లో ఉంచండి. ఫోన్ ఇక్కడ పోతే బ్లాక్ చేయించడానికి అవే కావాలి.

గల్ఫ్‌లో, సింగపూర్‌లో ప్లగ్గులు మూడు పలకల పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు పట్టవు. ఛార్జరు మీద 100–240 వోల్టులని ఉంటే కరెంటుతో భయం లేదు, గట్టి అడాప్టరొకటి చాలు. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు. విమానంలో మామూలు పరిమితి 100. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే చోట ఫోన్‌ను వ్యాన్ డాష్‌బోర్డు మీద వదిలినా, ఎండలో ఛార్జింగ్ పెట్టినా బ్యాటరీ ఉబ్బచ్చు. రిఫైనరీ, గ్యాస్ ప్లాంట్లలో మామూలు ఫోన్ లోపలికి రానివ్వరు, కొన్నిచోట్ల కెమెరా ఫోన్ గేటు దాటదు. ఖరీదైన ఫోన్ రోజంతా క్యాంపు గదిలోనే ఉంటుందని ముందే లెక్కేసుకుని కొనండి.

ఇంటి దగ్గర ఉండే ఫోన్‌కు పెద్ద తెర, గట్టి స్పీకరు, వేర్వేరు కంపెనీల రెండు సిమ్ములు చాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేక టవర్లు పడుకున్నాయి. ఒక కంపెనీ టవరు పోతే రెండోది దొరికే అవకాశం ఉండాలి. నిండుగా ఛార్జి చేసిన పవర్ బ్యాంక్ ఒకటి అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో ఉండి తీరాలి.

ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే అక్కడి ఉద్యోగం ముగించుకుని పూర్తిగా వచ్చేసేవాళ్ళకు ఇదంతా తిరగబడుతుంది. వీసా రద్దయ్యాక అక్కడి నంబరు ఎంతో కాలం నిలవదు, అక్కడి బ్యాంకు ఓటీపీ మాత్రం దానికే వస్తుంది. ఆఖరి జీతం, సర్వీసు డబ్బులు పడి ఇక్కడికి పంపేదాకా ఆ సిమ్ తీయకండి, ఖాతా మూసి ఆ కాగితం చేతిలో పెట్టుకున్నాకే విమానం ఎక్కండి. వెళ్ళేటప్పుడైనా వచ్చేటప్పుడైనా ఎవరో ఇచ్చిన సిమ్ములు మాత్రం పట్టుకెళ్ళకండి. మీ దగ్గర దొరికితే జవాబు మీరే చెప్పాలి.

వెళ్ళేవాళ్ళకు పాస్‌పోర్టు, మెడికల్, టికెట్ అని ఏజెంట్లు ఇచ్చే కాగితంలో సిమ్ పేరు, రోమింగ్, ఏడాది రీచార్జి అన్న మూడు మాటలు చేర్చమని మీ పత్రిక ద్వారా వారిని కోరుతున్నాను. విదేశాంగ శాఖ ఇప్పించే ప్రయాణ పూర్వ శిక్షణలో కూడా ఒక అరగంట దీనికి కేటాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా