ఒక్క మైనస్ గుర్తు

సంపాదకులకు నమస్కారం.

వంతెనల డిజైన్ ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, పాలిటెక్నిక్ పిల్లలకు ఇంకా ఆ పాత లెక్కలు దేనికని చాలామంది అంటుంటే వింటున్నాను. 1994 నుంచి వంతెనల డ్రాయింగుల మీదే బతుకుతున్నవాణ్ని కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను పనిలో చేరినప్పుడు ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్లం. తప్పు పడితే బ్లేడుతో గీకి మళ్లీ గీయడమే. ఫ్లైఓవర్ ఒంపు కాస్త జరిగిందా, వారం రోజుల పని బూడిదలో పోసిన పన్నీరే. ఇప్పుడు గ్రాస్‌హాపర్, డైనమో లాంటి సాఫ్ట్‌వేర్‌లో పియర్ల (వంతెనను మోసే స్తంభాల) మధ్య దూరం, ఒంపు వ్యాసార్థం, రోడ్డు వాలు అంకెలుగా ఇస్తాం. ఒక అంకె మారిస్తే పియర్ల ఎత్తు, గర్డర్ల (పియర్ల మీద పరిచే దూలాల) పొడవు, ఆ దూలాలు ఆనే బేరింగుల కింద పెడెస్టళ్ల (చిన్న కాంక్రీటు దిమ్మెల) లెవెళ్లు అన్నీ వాటంతటవే మారిపోతాయి. నార్వేలో 634 మీటర్ల రాండ్‌సెల్వా వంతెనను కాగితం డ్రాయింగులు లేకుండా ఇలాంటి మోడల్‌తోనే కట్టారు. మన చీనాబ్ వంతెన ఉక్కు పనికి టెక్లా అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ వాడారు. ఈ పనంటే నాకు ప్రాణం. వెనక్కి పోదామని నేననడం లేదు.

కానీ కొన్నేళ్ల కిందట జరిగింది చెప్పాలి. ఒంపులో ఉన్న ఫ్లైఓవర్ ఒకటి. నాలుగు గర్డర్లు, ఈ చివరి దానికీ ఆ చివరి దానికీ మధ్య 6 మీటర్లు, ఒంపులో బండి బయటికి పోకుండా రోడ్డుకు అడ్డంగా లోపలికి ఇచ్చే వాలు 4 శాతం. అంటే బయటి వైపు పెడెస్టల్ లోపలి దానికన్నా 24 సెంటీమీటర్లు ఎత్తుండాలి. వాలు దగ్గర నేను మైనస్ కొట్టాను. మోడల్ నా మాట తు.చ. తప్పకుండా విని, డెక్ (బండ్లు నడిచే పైభాగం) మొత్తాన్ని బయటికి వాల్చేసింది. ప్లానుకు సెక్షన్ సరిపోయింది, సెక్షన్‌కు లెవెళ్ల పట్టిక సరిపోయింది. చేత్తో గీసే రోజుల్లో ఒక షీటులో తప్పుంటే పక్క షీటుతో పొసగక బయటపడేది. ఇక్కడ షీట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే తప్పు చెప్పాయి. ఇద్దరు చూసి సంతకాలు కూడా పెట్టారు.

పట్టుకున్నది రిటైరయ్యాక అప్పుడప్పుడూ ఆఫీసుకొచ్చే ఒక పెద్దాయన. షీటు వెనక్కి తిప్పి పెన్సిలుతో ఒంపు గీశారు, బండిని ఎటు నెడుతుందో బాణం వేశారు. "బయటివైపు పల్లం పెడితే లోడు లారీ ఎక్కడికి పోతుందయ్యా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అప్పటికే సైట్లో మూడు పియర్ల మీద పెడెస్టళ్లకు షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) బిగించారు. కాంక్రీటు పోయలేదు, అంతే.

సాంకేతిక విద్యా శాఖ వారూ, పిల్లలకు ఈ సాఫ్ట్‌వేర్ తప్పక నేర్పండి. దాంతోపాటు ఒక పియర్ దగ్గర నాలుగు లెవెళ్లు కాలిక్యులేటర్‌తో తీసి మోడల్‌తో పోల్చడం కూడా పరీక్షలో పెట్టండి. వంతెనలు కట్టించే శాఖలు కూడా, మోడల్ చేసినవాళ్లు కాక వేరొకరు, ఆ మోడల్ తెరవకుండా, రోడ్డు అలైన్‌మెంట్ (రోడ్డు దారి, ఒంపు, ఎత్తు చూపే) కాగితాల నుంచి తీసిన లెవెళ్లు జతపరిస్తేనే డ్రాయింగుకు ఆమోదం ఇవ్వాలి. ఒక ఫ్లైఓవర్‌కు అది ఒక పూట పని. మా ఆఫీసులో ఆ రోజు నుంచి చేస్తున్నాం.

— ఒక వంతెనల డిజైనర్, కూకట్‌పల్లి, హైదరాబాద్