హెడ్డర్ వేరు, సైలెన్సర్ తీసేయడం వేరు

సంపాదకులకు నమస్కారం.

బీచ్ రోడ్డులో రాత్రిళ్లు చెవులు చిల్లులు పడేలా తిరిగే బండ్ల గురించి మీ లేఖల పేజీలో చాలామంది రాస్తున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ ఒక పాఠకుడు పాత కార్లకు బిగించే హెడ్డర్లనే నిషేధించాలన్నారు. ఓడల మరమ్మతు పనిలో పైపులు అతికి రిటైరైన వెల్డర్ని నేను. ఇప్పటికీ పాత అంబాసిడర్ నడుపుతున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంజిన్ హెడ్‌కి పొగను బయటికి పంపడానికి కంపెనీ బిగించిన పోత ఇనుప గొట్టాల దిమ్మ (మానిఫోల్డ్) తీసి, ఆ చోట పెట్టే స్టీలు గొట్టాలే హెడ్డర్. మోతను అణిచేది వెనకున్న సైలెన్సర్. దాన్ని కోసేసి ఖాళీ పైపు పెట్టినవాణ్ని పట్టుకోండి, నేనూ మీతోనే ఉంటాను.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కి సిలిండర్లు నాలుగైనా పొగ వెళ్లే దారులు మూడే. 2, 3 సిలిండర్లకు మధ్యలో ఒకటే దారి. సిలిండర్లు మండే వరస (ఫైరింగ్ ఆర్డర్) 1-3-4-2 కాబట్టి ఆ రెండిటికీ మధ్య క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది, ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డుపడదు. అందుకే దీని హెడ్డర్‌కి మూడే గొట్టాలు. 1, 4 గొట్టాలు ముందు కలుస్తాయి, మధ్యది పొడుగ్గా వెళ్లి తర్వాత కలుస్తుంది. ఒక గొట్టంలో వేగంగా పోయే పొగ, కలిసే చోట పక్కదాన్ని లాగుతుంది. దాంతో పవర్ ఏమీ రెట్టింపు కాదు. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ కాస్త తక్కువ ఆయాసపడుతుంది, అంతే.

అసలు పని బిగింపులో ఉంది. మా వీధి కుర్రాడొకడు ఎక్కడో హెడ్డర్ వేయించుకుని, టిక్కు టిక్కుమంటోందని నా దగ్గరికి తెచ్చాడు. ఈ ఇంజిన్లో ఇన్‌టేక్ (గాలి, పెట్రోల్ లోపలికి వెళ్లే దారి), ఎగ్జాస్ట్ (పొగ బయటికి వచ్చే దారి) ఒకే పక్క ఉంటాయి, రెండింటి ఫ్లాంజ్‌లనూ (బిగించే అంచు పట్టీలనూ) ఒకే వాషర్ నొక్కిపట్టాలి. కొత్త ఫ్లాంజ్ పల్చగా ఉంది. వాషర్ ఇన్‌టేక్ మీదే కూర్చుంది, ఎగ్జాస్ట్ పక్క గ్యాస్కెట్ (సందు మూసే పొర) అంచున నల్లటి మసి, అంటే పొగ అక్కడే లీకవుతోంది. వాషర్‌ని ఒక పక్క మెట్టులా అరగదీసి, గ్యాస్కెట్ మార్చి బిగించాను. చప్పుడు పోయింది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే తెల్లగా ఉన్నాయి, అంటే పెట్రోల్ చాలడం లేదు. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ కూడా సరిచేయాల్సి వచ్చింది. ఇవి చేయకుండా డబ్బు తీసుకునే మెకానిక్‌ల మీదే నాకు కోపం.

మన ఊళ్లో ఉప్పుగాలి ఇంకో శత్రువు. వేడి ఆపడానికి గొట్టాలకు చుట్టే పట్టీ కింద తేమ నిలిచి, మామూలు స్టీలు లోపల్లోపలే తుప్పు పట్టిపోతుంది. స్టెయిన్‌లెస్ గొట్టం కొని ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. గొట్టాల వేడి తగలకుండా కార్బ్యురేటర్ కింద రేకు అడ్డం పెట్టండి. లేకపోతే మే నెలలో గాజువాక ట్రాఫిక్‌లో పెట్రోల్ మరిగి బండి ఆగిపోతుంది.

పాత మానిఫోల్డ్‌ని మాత్రం పాత ఇనుము కొట్టుకి వేయకండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల్ని కట్టడి చేస్తుంది కాబట్టి ముందు రవాణా కార్యాలయంలో అడగాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలన్నా అది అసలు రూపంలోనే ఉండాలి.

ట్రాఫిక్ పోలీసులకు నా మనవి ఒకటే. బానెట్ ఎత్తి మెరిసే గొట్టాలు చూసి కేసు రాసే ముందు, వెనక పైపు దగ్గర సౌండ్ మీటర్ పెట్టి కొలవండి.

– ఒక రిటైర్డ్ వెల్డర్, కంచరపాలెం, విశాఖపట్నం