ఇంకా తొమ్మిది మ్యాచ్‌లున్నాయి మామా

స్టార్క్‌విల్, ఏప్రిల్ 30, 2025

ఒరేయ్ మామా,

వాట్సాప్‌లో "మీ కోచ్‌ని పీకేశారంటగా" అని ఒక్క లైన్ పడేసి, పక్కన ఏడుస్తూ నవ్వే బొమ్మ ఒకటి పెట్టి పోయావ్. దానికి వాయిస్ నోట్ పెడదామని మొదలెట్టా, ఏడు నిమిషాలు దాటినా నేనింకా మొదటి ఇన్నింగ్స్‌లోనే ఉన్నా. డిలీట్ చేసి ఇదిగో ఇలా కూర్చున్నా. ల్యాబ్‌లో కోడ్ రన్నవుతోంది, రెండు గంటలు పడుద్ది, కాబట్టి నీకు తప్పదు, చదువు.

అవున్రా, సోమవారం పీకేశారు, మా బేస్‌బాల్ కోచ్ క్రిస్ లెమోనిస్‌ని. 2021లో మా యూనివర్సిటీ మిసిసిపీ స్టేట్‌కి కప్పు తెచ్చిన మనిషి అతనే. మామూలు కప్పు కాదు, ఈ యూనివర్సిటీ చరిత్రలో ఏ టీమ్ గేమ్‌లోనైనా వచ్చిన మొట్టమొదటి నేషనల్ టైటిల్ అది. ఒమాహాలో ఫైనల్ అంటే మూడు మ్యాచ్‌ల సిరీస్, మొదటిది 8-2తో ఓడి, రెండోది 13-2తో గెలిచి, మూడోది 9-0, అవతలి టీమ్ వాండర్‌బిల్ట్ వాళ్ళకి ఆ రోజు మొత్తమ్మీద ఒకే ఒక్క హిట్, అంటే బంతి కొట్టి బేస్ చేరింది ఒక్కసారే. ఇంకో సంగతి, ఆ మూడో మ్యాచ్ వాండర్‌బిల్ట్ తరఫున మొదలెట్టిన పిచ్చర్, అదే మన బౌలర్ లాంటోడు, ఎవరనుకున్నావ్, కుమార్ రాకర్. పేరు చూశావా? వాళ్ళమ్మ వైపు వాళ్ళు ఇండియా నుంచి వచ్చినోళ్ళు, ఇప్పుడు టెక్సాస్ రేంజర్స్‌కి ఆడుతున్నాడు. మనోడే కదా అని జాలి పడాలో, మనవాళ్ళు కొట్టారని ఎగరాలో నాకిప్పటికీ తెలీదు. అసలు నేనిక్కడికి వచ్చిందే 2022 ఆగస్టులో, పెళ్ళంతా అయిపోయి షామియానా పీకేటప్పుడు గిఫ్ట్ కవర్ పట్టుకెళ్ళినోడిలా.

అక్కణ్ణుంచి చూడు జారుడు. 2022లో 26 గెలిచి 30 ఓడారు, నేషనల్ టోర్నమెంట్‌కే వెళ్ళలేదు. 2023లోనూ వెళ్ళలేదు. పోయినేడు 40 గెలిచి వెళ్ళారు గానీ షార్లట్స్‌విల్‌లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి. ఈ ఏడు సోమవారం నాటికి మొత్తమ్మీద 25-19, అంటే 25 గెలిచి 19 ఓడారు, బయటోడికి పర్లేదనిపిస్తుంది, కానీ ఎస్‌ఈసీ అని మా యూనివర్సిటీ ఆడే లీగ్‌లో 7-14. ఆ 7-14 దగ్గరే పోయింది ఉద్యోగం.

ఇప్పుడు నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వేముందు ఒకటి గుర్తు తెచ్చుకో, మార్చిలో మన సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టినప్పుడు నువ్వు పెట్టిన స్టేటస్ స్క్రీన్‌షాట్ ఇంకా నా ఫోన్‌లో ఉంది, "ఈసారి 300, రాసిపెట్టుకో" అని. ఇప్పుడు తొమ్మిది ఆడి మూడు గెలిచి కాలిక్యులేటర్ పట్టుకున్నావ్ కదా. నేనూ సేమ్ కాలిక్యులేటరే.

లెక్క చెప్తా విను. ఎస్‌ఈసీలో ఈ ఏడు 16 టీమ్‌లు, టెక్సాస్, ఓక్లహోమా కొత్తగా వచ్చి చేరాయి. పది వీకెండ్‌లు, వీకెండ్‌కి ఒకే టీమ్‌తో మూడు మ్యాచ్‌లు, మొత్తం 30. ఏడు వీకెండ్‌లు అయిపోయాయి. మిగిలింది మూడు, కెంటకీ, తర్వాత ఓల్ మిస్, చివర్లో మిసౌరీ. ఆ తర్వాత హూవర్‌లో లీగ్ టోర్నమెంట్, అది ఈ ఏడు నాకౌట్ చేశారు, ఒక్కటి ఓడితే బస్సెక్కడమే. నేషనల్ టోర్నమెంట్‌కి మొత్తం 64 టీమ్‌లు, అందులో లీగ్ విన్నర్లు పోగా మిగతా వాళ్ళని ఒక కమిటీ కూర్చుని ఏరుతుంది. ఆ ఏరుడులో పడాలి మనం.

కమిటీ వాళ్ళు ఆర్‌పీఐ అని ఒకటి చూస్తారు. మన నెట్ రన్ రేట్ లాంటిదే అనుకున్నా మొదట్లో, కాదు. ఎన్ని పరుగుల తేడాతో గెలిచావన్నది దానికి అనవసరం, ఎవరితో ఆడావన్నదే ముఖ్యం. నీ గెలుపోటములకి పావు వంతే వెయిట్, నీతో ఆడినోళ్ళు ఎంత గొప్పోళ్ళన్నదానికి సగం, వాళ్ళతో ఆడినోళ్ళు ఎంత గొప్పోళ్ళన్నదానికి ఇంకో పావు. పెళ్ళి సంబంధం చూసినట్టే రా బాబూ, అబ్బాయి కంటే వాళ్ళ మేనమామలెవరన్నదే ఎక్కువ చూస్తారు. పైగా సొంతూళ్ళో గెలిస్తే 0.7 కింద, బయట గెలిస్తే 1.3 కింద లెక్క.

అందుకే మిసౌరీ సిరీస్ అంటే నాకు వణుకు. వాళ్ళు ఇప్పటిదాకా లీగ్‌లో ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు, 0-21. మూడూ గెలిస్తే "ఆఁ, గెలవరా మరి" అంటారు, ఒక్కటి ఓడినా కొంప కొల్లేరే. నా అంచనా చెప్తా, కెంటకీ మీద రెండు, ఓల్ మిస్ మీద ఒకటి, మిసౌరీ మీద మూడు, అంటే 13-17. దాంతో గేటు దగ్గర నిలబడొచ్చు, లోపలికి రానిస్తారో లేదో సెక్యూరిటీ వాడి దయ. 14 అయితే ధైర్యంగా ఉంటా. 15 అంటే ఇప్పుడు నోరు తెరిచి అనను, దిష్టి.

టీమ్ మరీ అంత చెత్తది కాదురా, అదే మంట. మూడో బేస్‌లో ఏస్ రీస్ అని హ్యూస్టన్ యూనివర్సిటీ నుంచి ఈ ఏడే వచ్చాడు, వాడు కొట్టేటప్పుడు నేను ఫోన్ చూడను. కాలేజీ వాళ్ళవి మెటల్ బ్యాట్‌లు, సరిగ్గా తగిలితే గుళ్ళో గంట కొట్టినట్టు "టంగ్" మంటుంది, ఆ సౌండ్‌ని బట్టే జనం లేచి నిలబడతారు. మొదటి బేస్‌లో హంటర్ హైన్స్, ఇక్కడి మిసిసిపీ కుర్రాడే, సీనియర్, బంతిని ఊరు దాటించే రకం. శుక్రవారం బంతి విసిరేది పికో కోన్, ఎడంచేతి వాటం. ఒక స్టార్టర్, అంటే మ్యాచ్ మొదలెట్టే పిచ్చర్, ఓ రోజు వంద బంతుల దాకా విసిరాడంటే మళ్ళీ వారం దాకా వాడి చెయ్యి ముట్టుకోరు, అందుకని శుక్రవారానికి ఒకడు, శనివారానికి ఒకడు, ఆదివారానికి ఒకడు. ఆదివారం వచ్చేసరికి మన హాస్టల్ మెస్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి సాంబార్ ఉన్నట్టుంటుంది పరిస్థితి, గరిటె పెడితే నీళ్ళే. పోయినేడు రెండు చేతుల్తోనూ పిచ్ చేసేవాడు ఒకడుండేవాడు, సైంత్యా అని, బ్యాటర్‌ని బట్టి చెయ్యి మార్చేసేవాడు, చెప్తే నువ్వు నమ్మలేదు. వాణ్ణి సియాటిల్ మారినర్స్ అనే ప్రొఫెషనల్ టీమ్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో, అదే మన ఐపీఎల్ వేలం లాంటిదాంట్లో, మొదటి రౌండ్‌లోనే ఎత్తుకుపోయారు.

ఇప్పుడు టీమ్‌ని నడిపేది పిచింగ్ కోచ్ జస్టిన్ పార్కర్, తాత్కాలికంగా. ఇక్కడే నాకు కొంచెం ఆశ. 2018లోనూ ఇదే కథ, సీజన్ మొదలైన మూడు మ్యాచ్‌లకే హెడ్ కోచ్ రిజైన్ చేశాడు, పిచింగ్ కోచ్ గ్యారీ హెండర్సన్‌ని కూర్చోబెట్టారు, తాత్కాలికమే. ఆ టీమే ఒమాహా దాకా, అంటే ఆఖరి ఎనిమిది టీమ్‌ల దాకా వెళ్ళింది. ఆ ఏడు డగౌట్‌లో అరటిపండుని మొక్కుబడిలా పట్టుకు తిరిగారంట, ర్యాలీ బనానా అని. ఇంగ్లీష్ వాళ్ళకి మూఢనమ్మకాలుండవని మా తాత అనేవాడు, తీసుకొచ్చి చూపించాలి.

కానీ అసలు ఆశ అది కాదు, ఇంకోటుంది, అది పైకి చెప్పుకోలేనిది. ఓల్ మిస్ తెలుసు కదా, ఆక్స్‌ఫర్డ్‌లో ఉండే యూనివర్సిటీ, మనకి బద్ధ శత్రువులు. 2022లో ఎస్‌ఈసీలో వాళ్ళూ ఒక టైమ్‌లో సరిగ్గా 7-14. సరిగ్గా, మామా. కోచ్‌ని తీసెయ్యండని జనం గోల. ఓల్ మిస్ వాళ్ళు మాత్రం కోచ్‌ని ఉంచుకున్నారు, 14-16తో ముగించారు, 64లో ఆఖరి సీటు వాళ్ళకి దొరికింది, అక్కణ్ణుంచి మొత్తం కప్పే కొట్టుకెళ్ళారు. అంటే మాకు దిక్కుగా ఉన్న ఒకే ఒక్క ఉదాహరణ మా పగోడిది. ఆర్‌సీబీ 2024లో ఎనిమిదిలో ఒకటి గెలిచి తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు కదా, దాన్ని నువ్వు మొన్న ఉదాహరణగా చెప్పావ్ చూడు, చెప్పేటప్పుడు నీ గొంతు ఎలా ఉందో అలా.

నీకు లెఫ్ట్ ఫీల్డ్ పెద్దాయన గురించి చెప్పానా? డ్యూడీ నోబుల్ ఫీల్డ్‌లో ఎడం వైపు బౌండరీ వెనకాల జనం పొయ్యిలు పెట్టుకుని మాంసం కాలుస్తూ మ్యాచ్ చూస్తారు. ఒకప్పుడు ట్రక్కులు, ట్రైలర్లు తెచ్చి అక్కడే పెట్టేసేవాళ్ళంట, ఇప్పుడు పద్ధతిగా మెట్లూ డెక్కులూ కట్టారు గానీ పొగ మాత్రం అదే పొగ, ఆ చొక్కా రెండు సార్లు ఉతికినా పోదు. మొదటిసారి వెళ్ళినప్పుడు తెల్లమొహం వేసుకుని నించుంటే ఈయన పిలిచి కూర్చోబెట్టాడు. ఒళ్ళో స్కోర్ పుస్తకం, పెన్సిల్. స్ట్రైకౌట్ అయితే, అంటే బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటైతే, ఇంగ్లీష్ కె అని రాస్తాడు, బ్యాటర్ బ్యాట్ ఊపకుండా బొమ్మలా నించుని అవుటైతే మాత్రం ఆ కె ని తిరగేసి రాస్తాడు. "వీడు ప్రయత్నం కూడా చెయ్యలేదు, అందుకని అక్షరం కూడా మొహం తిప్పుకుంది" అన్నాడు. అప్పుడే పడిపోయాన్రా ఈ ఆటకి.

సోమవారం సాయంత్రం పెట్రోల్ బంక్ దగ్గర కనపడ్డాడు. కోచ్ సంగతి మాట్లాడుకున్నాం, మూడు వీకెండ్‌లు ఓపిక పట్టాల్సింది, కప్పు తెచ్చినోణ్ణి ఇలా మధ్యలో పంపకూడదన్నాడు. నేను మాత్రం రెండేళ్ళు ఓపిక పట్టారు కదా సార్ అన్నా. అన్నాక ఊరుకోకుండా ఓల్ మిస్ 2022 ఎత్తా, వాళ్ళూ 7-14 దగ్గర్నుంచే కదా అని. ఆయన పెట్రోల్ పైపు పట్టుకుని అలాగే నన్ను చూశాడు, చాలాసేపు. "నాకూ తెలుసు" అన్నాడు మెల్లగా, "నిన్న రాత్రంతా అదే లెక్కేసుకున్నా. మా ఆవిడకి చెప్పలేదు."

సరే, కోడ్ అయిపోయింది, ఎర్రర్‌తోనే. అసలు పని చెప్పడం మర్చిపోయా, వచ్చే వారం మా ఇంటికెళ్ళి అమ్మ దగ్గర ఆవకాయ తీసుకుని కొరియర్ చెయ్యి, రెండు కేజీలు, నూనె కారకుండా డబుల్ ప్యాకింగ్ చేయించు. పోయినసారి సీసా పెద్దాయనకి రుచి చూపిద్దామని పట్టుకెళ్తే, కాల్చిన పక్కటెముకల మీద పూసుకుని ఏడో ఇన్నింగ్స్‌కల్లా సగం లేపేశాడు.

నీ
మాజీ రూమ్మేట్